క్లాట్ పరీక్షయు, మన పిల్లల తర్కమును

పండ్రెండవ తరగతి ముగించి న్యాయశాస్త్రము చదువగోరు పిల్లల తల్లిదండ్రులు మమ్ము కలిసినపుడెల్ల ఒకే మాట చెప్పుచున్నారు. “మావానికి ఇంగ్లీషు వచ్చును, లోకజ్ఞానము కలదు, తర్కము ప్రశ్నల వద్దనే మార్కులు పోవుచున్నవి; ఏదైన కిటుకున్న చెప్పుడు” అని. కిటుకులు నేర్పు శిక్షణాలయములకు ఈ నగరమున కొదువ లేదు. మన పిల్లలకు కొరవడినది చదివినదానికి కట్టుబడియుండు అలవాటని మా యభిప్రాయము.

బెంగుళూరు, హైదరాబాదు, విశాఖపట్టణము, తిరుచిరాపల్లి మున్నగు చోట్ల గల జాతీయ న్యాయ విశ్వవిద్యాలయములలో అయిదేండ్ల చదువునకు దారి క్లాట్ పరీక్ష. 120 నిమిషములు, 120 ప్రశ్నలు. అందు అయిదవ వంతు తర్కమునకు చెందినవి. 2020 నుండి ఒక వ్యాసభాగమునిచ్చి, రచయిత నిర్ణయమేది, హేతువేది, చెప్పకయే ఒప్పుకొన్నదేది, వాదమును బలహీనపరచునదేది అని అడుగుచున్నారు.

ఉదాహరణము మన యింటిదే తీసికొందము. “చెన్నపురి బడులలో తెలుగు చదువు పిల్లలు తగ్గినారు, కావున తెలుగు తల్లిదండ్రులకు మాతృభాషాభిమానము సన్నగిల్లినది.” ఇట్టి వాదమును మన సభలలో విని ఎన్నిసార్లు చప్పట్లు కొట్టితిమో! ఇందు నిర్ణయము అభిమానము సన్నగిల్లుట. హేతువు సంఖ్య తగ్గుట. సంఖ్య తగ్గుటకు వేరు కారణమేదియు లేదనునది చెప్పక విడిచిన మాట. దీనిని బలహీనపరచునది ఏదియని అడిగి, “తెలుగు అతి మధురమైన భాష” అని ఒక సమాధానమిచ్చినచో, మనవాడు సంతోషముతో దానినే గుర్తించును. మాట నిజమే కాని వాదమును తాకదు. “2006 నాటి తమిళ అభ్యసన చట్టముచే ఒకటవ తరగతి మొదలు క్రమముగా తమిళము తప్పనిసరియైనది” అనునది వేరొక కారణమును చూపుచున్నది గనుక అదియే సరియైన సమాధానము.

ఇట్టి విచారణ మనకు క్రొత్త కాదు. తెలుగువాడైన అన్నంభట్టు రచించిన తర్కసంగ్రహమును ఒకప్పుడు చిన్న పిల్లలే చదివెడివారు. పొగ యున్నచోట నిప్పు గలదు. నిప్పున్న చోటనెల్ల పొగ యుండదు, ఎర్రగా కాలిన ఇనుప గుండులో నిప్పే కాని పొగ లేదు. న్యాయవాదులందరు పట్టభద్రులు గనుక పట్టభద్రులందరు న్యాయవాదులే అనినచో ఎవరైనను నవ్వుదురు. అదే తప్పు పొడవైన ఇంగ్లీషు వాక్యములో దాగియున్నపుడు పిల్లలు గుర్తింపలేకున్నారు.

పరీక్ష ఇంగ్లీషుననే జరుగును. కావున ఇంగ్లీషు పత్రికలోని సంపాదకీయమునే చదివింపుడు. చదివిన పిదప దాని నిర్ణయమును ఒక్క వాక్యమున, హేతువును మరియొక వాక్యమున తెలుగులో చెప్పుమనుడు. అర్థము కాని వాక్యమును ఇంగ్లీషున వల్లించవచ్చును గాని ఇంటి భాషలో చెప్పుట సాధ్యము కాదు. దినమునకొకటి చాలును.

తప్పు సమాధానమునకు పావు మార్కు పోవునను భయమొకటి కలదు. సందేహమున్నచో వదలివేయుమని పెద్దలే చెప్పుచున్నారు. మేము దీని నంగీకరింపము. నాలుగు సమాధానములలో రెంటిని కారణము చూపి త్రోసివేయగలిగినచో, మిగిలిన రెంటిలో ఒకటి గుర్తించుటయే మేలు. అట్టి ప్రశ్నలు నాలుగున్నచో సగటున రెండు సరియై, రెండు తప్పినను, ఒకటిన్నర మార్కు మిగులును. వదలివేసిన నాలుగింటికిని సున్నయే.