సోయి కుక్కలూ, మన సణుగుడూ

బ్యాంకాక్‌లో మన తెలుగువాళ్ళు ఏ ఇంట భోజనాలకి కలిసినా, పప్పులోకి అప్పడాలు వచ్చేలోపే కుక్కల గొడవ వచ్చేస్తుంది. వీసా, తొంభై రోజులకోసారి ఇమ్మిగ్రేషన్‌కి ఇచ్చే అడ్రసు రిపోర్టు, కరెంటు బిల్లు, ఆ తర్వాత కుక్కలు. "ఈ థాయ్ వాళ్ళకి బుద్ధి లేదండీ, సందులో తిరిగే ప్రతి కుక్కకీ అన్నం పెట్టి మేపుతారు" అని ఒకరు అందుకుంటారు. ఈమధ్య ఒకాయన ఇంకో మెట్టు ఎక్కి, మాంసంలో ఏదో ఒకటి కలిపి పెడితే పీడా వదులుతుందన్నాడు. అందరూ నవ్వారు. ఆ నవ్వు నాకు మింగుడుపడలేదు.

ఇక్కడ 2014లో వచ్చిన చట్టం ప్రకారం జంతువుని హింసిస్తే రెండేళ్ళ దాకా జైలు, 40,000 బాత్‌ల దాకా జరిమానా, ఒక్కోసారి రెండూ. సరే, చట్టం సంగతి పక్కన పెట్టండి. ధర్మరాజు కుక్కని వదిలి స్వర్గానికి రానన్నాడని పిల్లలకి కథ చెప్పేది మనమే కదా! ఆ పిల్లల ముందే విషం మాటలా?

భయం అబద్ధమని నేననను. రేబీస్ ఈ దేశంలో ఇంకా ఉంది. 2018లో అది పెరిగి దేశమంతా గగ్గోలైంది. జబ్బు పైకి తేలాక మనిషి దక్కడమన్నది దాదాపు లేదు. "అరిచే కుక్క కరవదులే" అని సామెత చెప్పి మన భయాన్ని తేలిక చేసే మగవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మంట. వాళ్ళు కారెక్కి ఆఫీసుకి వెళ్ళిపోతారు. సంచి పట్టుకుని బజారుకి నడిచేదీ, పిల్లల్ని స్కూలు వ్యాను దాకా దింపేదీ మనం.

కానీ ఆ భయంతో మనం చేస్తున్నదేమిటి? మీ సోయిలో కుక్కలకి తిండి ఎవరు పెడుతున్నారో మీలో ఎందరికి తెలుసు? మా సందులో బొప్పాయి సలాడ్ అమ్మే ఆవిడ పెడుతుంది. డిసెంబరు వస్తే వాటికి పాత చొక్కాలు కూడా తొడుగుతుంది. కాషాయం జాకెట్ల మోటార్‌సైకిల్ టాక్సీ కుర్రాళ్ళని అడిగితే ఏది పిల్లల తల్లో, ఏది సైకిలు వెంట పడుతుందో పూసగుచ్చినట్టు చెప్తారు. ఆవిడకి అది 'తంబున్', అంటే పుణ్యకార్యం. భూమిబోల్ రాజుగారు 1998లో ఒక వీధి కుక్కపిల్లని తెచ్చి పెంచుకుని, 2002లో దాని మీద పుస్తకమే రాసిన దేశమిది. వాళ్ళకి బుద్ధి లేదనడానికి మనమెవరం?

అలాగని వాళ్ళనీ వెనకేసుకురాను. అన్నం పెట్టి, టీకా వేయించకుండా, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించకుండా వదిలేస్తే అది సగం పుణ్యమే. పెంచలేని పిల్లల్ని తెచ్చి గుడి దగ్గర దించి వెళ్ళేవాళ్ళదైతే ఆ సగం కూడా కాదు. ఈ మాట ఆవిడతో చెప్పాలి. ఏ భాషలో చెప్తారు? పదేళ్ళ నుంచి ఉంటూ 'మా' అన్న ఒక్క మాటని మూడు రాగాల్లో పలకడం నేర్చుకోలేదు మనం. ఒక రాగంలో కుక్క, ఇంకో రాగంలో గుర్రం, మరో రాగంలో రా అని. (మన 'మా' వేరు, అది మనవాళ్ళ దాకానే.) పనమ్మాయి ఉంటేగానీ మనకి నోరు పెగలదు.

2003లో ఫుకెట్‌లో సోయి డాగ్ ఫౌండేషన్ మొదలుపెట్టింది మనలాగే బయటి దేశాల నుంచి వచ్చి స్థిరపడినవాళ్ళు. బ్యాంకాక్ నగరపాలక సంస్థ పశువైద్యశాలల్లో టీకాలూ ఆపరేషన్లూ ఉచితం. కరిస్తే పదిహేను నిమిషాలు సబ్బుతో, ధారగా పడే నీళ్ళకింద కడిగి, ఆ రోజే సూదికి వెళ్ళాలి. రెడ్‌క్రాస్ వాళ్ళ సావోభా సంస్థ ఈ ఊళ్ళోనే ఉంది. కరవకముందే వేయించే సూదులూ ఉన్నాయి. పట్టాయా రిసార్టుకి ఖర్చు పెట్టే ఇళ్ళల్లో ఎంతమంది పిల్లలకి అవి పడ్డాయో లెక్క చెప్పమనండి.

మా సోయిలో ఆపరేషన్ కావాల్సిన ఆడకుక్కలు రెండున్నాయి. సలాడ్ ఆవిడ పట్టిస్తానంది. తీసుకెళ్ళడానికి బండే లేదు. విషం అన్న పెద్దమనిషికి వెనక సీటు పెద్దగా ఉన్న కారుంది. వాళ్ళావిడ ఇది చదువుతుందని నాకు తెలుసు.