బస్సు తప్పిపోయింది. అయితే ఏంటట?

మీరెప్పుడైనా ఇంట్లోవాళ్ళకి అబద్ధం చెప్పారా? పెద్దవి కాదు, "ఈ చీర ఎనిమిది వందలే" లాంటివి. నేను మొన్న ఒకటి చెప్పాను. నలభై ఒక్కేళ్ళ వయసులో, ఇద్దరు పిల్లల తల్లిని, పరాయి దేశంలో బస్టాండులో బ్యాగు పట్టుకుని నిలబడి, ఫోన్లో మావారితో "ఆఁ, బస్సులోనే ఉన్నాం, బాగానే సాగుతోంది" అన్నాను. అప్పటికి మా బస్సు మమ్మల్ని వదిలేసి వెళ్ళిపోయి గంట దాటింది.

ఎందుకు చెప్పానా అని అప్పట్నుంచీ ఆలోచిస్తున్నాను. మావారు కోప్పడే మనిషి కాదు. "అయ్యో, ఇప్పుడెలా మరి?" అని కంగారుపడేవారు, అంతే. మరి నాకెందుకు భయం? జవాబు దొరికాక ఒళ్ళు మండింది. అందుకే ఇది రాస్తున్నాను.

ముందు సంగతి చెప్తాను. మేం సింగపూర్లో ఉంటాం. పెళ్ళయిన పదహారేళ్ళలో నేను మావారూ పిల్లలూ లేకుండా ఎక్కడికీ వెళ్ళలేదు, ఇండియాలో పుట్టింటికి తప్ప. మా పై అంతస్తులో ఉండే కరీంనగర్ అమ్మాయీ నేనూ రోజూ సాయంత్రం కిందికి దిగి నడుస్తాం. ఓ రోజు నడుస్తూ నడుస్తూ "శని ఆదివారాలు మెలాకా పోయొద్దామా?" అంది. మెలాకా అంటే మలేషియాలో సముద్రం ఒడ్డున ఉన్న పాత ఊరు. ఇక్కణ్ణించి 240 కిలోమీటర్లు ఉంటుంది. అన్నీ సవ్యంగా జరిగితే బస్సులో నాలుగైదు గంటల ప్రయాణం.

మావారు వెంటనే "వెళ్ళిరా, పిల్లల్ని నేను చూసుకుంటా" అన్నారు. ఇక చూడండి! విన్న ప్రతివాళ్ళూ "అదృష్టవంతురాలివే! అలాంటి మొగుడు ఎవరికి దొరుకుతాడు?" అన్నారు. క్రితం ఏడాది ఆయన కాలేజీ స్నేహితులతో నాలుగు రోజులు ఫుకెట్ వెళ్ళారు. అప్పుడు ఆయన్ని అదృష్టవంతుడని ఒక్కరూ అనలేదు. పిల్లల్ని ఎవరు చూస్తారని ఒక్కరూ అడగలేదు. నేనున్నానుగా!

భీమవరం నుంచి మా అత్తయ్యగారు వీడియో కాల్లో "రెండ్రోజులేగా, వెళ్ళు. పిల్లలకి తిండి ఎలా మరి?" అన్నారు. అంతే, శుక్రవారం మొత్తం వంటింట్లోనే. పప్పుచారు, బెండకాయ వేపుడు, కోడికూర, దోసెల పిండి. డబ్బాలన్నిటికీ "శని మధ్యాహ్నం", "శని రాత్రి" అని చీటీలు అంటించాను. రెండు రోజుల సెలవు కోసం ముందే కట్టిన సుంకం అన్నమాట.

శనివారం పొద్దున ఆరున్నరకి బస్సెక్కాం. సింగపూర్ నుంచి మలేషియాకి రోడ్డు మీద వెళ్ళేవాళ్ళకి తెలుసు, రెండు చోట్ల దిగాలి. ఇటు గడప దాటడానికి ఒకసారి, అటు గడపలో అడుగుపెట్టడానికి ఇంకోసారి, సామానుతో సహా. అటువైపు బస్సు కాసేపు ఆగుతుంది, రాకపోతే పోతుంది. మలేషియాకి వెళ్ళే మనబోటివాళ్ళు మూడు రోజుల ముందునుంచి ఆన్‌లైన్లో అరైవల్ కార్డు నింపుకోవచ్చు. నేను శుక్రవారమంతా బెండకాయలు తరుగుతూ దాన్ని మర్చిపోయాను. కౌంటరు దాకా వెళ్ళాక గుర్తొచ్చింది. పక్కకి వచ్చి, వణికే వేళ్ళతో ఫోన్లో నింపి, మళ్ళీ క్యూ చివర నిలబడి, బయటపడేసరికి బస్సు లేదు. తప్పు పూర్తిగా నాదే, ఇందులో ఇంకెవరినీ అనడానికి లేదు.

నాకు ఏడుపొక్కటే తక్కువ. నా స్నేహితురాలు మాత్రం "పరేషాన్ గాకు. బస్సు పోయింది గని మనమేం పోలేదు గదా" అంది. అక్కడున్న ఓ పెద్దావిణ్ణి అడిగితే సిటీ బస్సు చూపించింది. అది పట్టుకుని లార్కిన్ బస్టాండుకి వెళ్ళి, మెలాకా టికెట్లు కొన్నాం. సరిగ్గా అప్పుడే మావారి ఫోను. అప్పుడే నా అబద్ధం.

పదకొండింటికి చేరాల్సినవాళ్ళం రెండున్నరకి చేరాం. హోటల్‌కి వెళ్తే, మీ గది వచ్చే శనివారానికి ఉంది అన్నాడు కౌంటర్లో కుర్రాడు. తారీఖు తప్పు కొట్టిందీ నేనే. వాళ్ళ దగ్గర గదుల్లేవు. రెండు సందుల అవతల కిటికీ లేని గది దొరికింది. ఇంతలో వాన మొదలైంది. కొండెక్కుతుంటే నా చెప్పు తెగింది.

ఇప్పుడు చెప్పండి, ఈ ప్రయాణం పాడైపోయిందంటారా?

అయితే ఇది వినండి. ఆ వానలో, ఒక కాలికి చెప్పు లేకుండా, సెయింట్ పాల్ కొండ మీద పైకప్పు లేని పాత చర్చి గోడల మధ్య నిలబడి నేను సముద్రం చూశాను. పోర్చుగీసువాళ్ళు 1511లో ఈ ఊరు పట్టుకుంటే, 1641లో డచ్చివాళ్ళు లాక్కున్నారు, ఆ తర్వాత ఇంగ్లీషువాళ్ళొచ్చారు. గోవాలో ఉన్న ఫ్రాన్సిస్ జేవియర్ భౌతికకాయాన్ని అక్కడికి తీసుకుపోయేముందు 1553లో కొన్ని నెలలు ఈ కొండ మీదే ఉంచారు. కింద పోర్చుగీసు కోటలో మిగిలింది ఒక్క గుమ్మమే. చౌకులో 1753లో కట్టిన ఎర్రటి డచ్చి చర్చి. 2008లో యునెస్కో ఈ పాత పట్టణాన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

నాకు అన్నిటికంటే నచ్చింది మాత్రం ఆ పక్క వీధి. అక్కడ 'కాంపుంగ్ క్లింగ్' అనే పాత మసీదు ఉంది. క్లింగ్ అంటే ఏమిటనుకున్నారు? మన కళింగే! మన తూర్పు తీరం నుంచి ఓడల్లో వచ్చినవాళ్ళని ఒకప్పుడు అలా పిలిచారట. ఇప్పుడక్కడ మనుషుల్ని ఆ మాటతో పిలిస్తే తిట్టే. అదే వీధిలో 1781లో కట్టిన వినాయకుడి గుడి. అది చిట్టీలనేవాళ్ళది. వాళ్ళెవరంటే, ఎప్పుడో వ్యాపారానికి వచ్చి ఇక్కడి ఆడవాళ్ళని పెళ్ళి చేసుకున్న తమిళుల సంతతి. ఇంట్లో మలయ్ మాట్లాడతారు, గుళ్ళో మన దేవుళ్ళకి మొక్కుతారు.

వాళ్ళు ఎందుకు ఉండిపోయారో తెలుసా? గాలి కోసం. తెరచాప ఓడలకి రావడానికి ఒక గాలి కావాలి, తిరిగి వెళ్ళడానికి ఇంకో గాలి. అది మళ్ళేదాకా నెలల తరబడి ఇక్కడ పడిగాపులే. మెలాకా పట్టణం పెరిగిందే అలా ఆగిపోయిన మగవాళ్ళ వల్ల. ఇంటికి ఆరు నెలలు ఆలస్యంగా చేరిన ఏ షావుకారునీ "చూశావా, ఇంకెప్పుడూ ఓడెక్కకు" అని ఎవరైనా అని ఉంటారా? వాళ్ళ ఆలస్యాన్ని చరిత్ర అన్నారు. నా మూడున్నర గంటల ఆలస్యాన్ని నేను ఫోన్లో దాచాల్సి వచ్చింది.

నేను చెప్పాలనుకున్న సంగతి ఇదే. మగవాడి ప్రయాణంలో పొరపాటు జరిగితే అది కబురు. ఆడదాని ప్రయాణంలో జరిగితే అది సాక్ష్యం. ఫుకెట్ నుంచి వచ్చేటప్పుడు మావారు, ఆయన స్నేహితులు టైము తప్పు చూసుకుని ఫ్లైటు మిస్సయ్యారు, ఒక రోజు ఆలస్యంగా వచ్చారు. ఆ కథ ఇప్పటికి ఎన్ని విందుల్లో విన్నానో! చెప్పినప్పుడల్లా పొట్ట చెక్కలయ్యేలా నవ్వుతారు. నేనూ నవ్వాను. నేను బస్సు తప్పిన కథ చెప్తే మాత్రం మొదట జాలి, తర్వాత సలహా, ఆ తర్వాత జీవితాంతం "మొన్నలాగా అవుతుందేమో, చూసుకో". అందుకే అబద్ధం చెప్పాను. ఈసారి ప్రయాణం కోసం కాదు, వచ్చేసారి ప్రయాణాన్ని కాపాడుకోవడానికి.

మీలో కొందరు ఏమంటారో నాకు తెలుసు. "ఆడవాళ్ళకి భద్రత ముఖ్యం కదండీ." ముఖ్యమే, కాదనను. రాత్రి పదింటికి తెలియని ఊళ్ళో దిగమని ఎవరికీ చెప్పను. కానీ నేను బస్సు తప్పింది పట్టపగలు, వేలమంది జనం మధ్య. ఆ రోజు నన్ను గట్టెక్కించింది చేతిలో ఫోను, తోడుగా స్నేహితురాలు, అడిగితే దారి చూపించిన ఓ తెలియని మనిషి. బస్సు తప్పితే ఇంకో బస్సు ఎలా పట్టుకోవాలో ఇంట్లో కూర్చుంటే రాదు. ఎప్పుడూ తప్పనివ్వకపోతే ఎప్పటికీ నేర్చుకోం. నేర్చుకోలేదు కాబట్టి వెళ్ళొద్దంటారు. ఈ గుండ్రం ఎక్కడో ఒకచోట తెగాలిగా?

"కుటుంబంతో కలిసి వెళ్ళొచ్చుగా" అంటారు. వెళ్తాం. బోలెడుసార్లు వెళ్ళాం. కుటుంబంతో యాత్ర అంటే నాకు వంటిల్లు చోటు మారడం, అంతే. ఎవరి మాత్రలు ఎక్కడున్నాయి, ఎవరికి ఆకలేస్తోంది, ఎవరి సాక్సు కనబడ్డంలేదు. పిల్లలు పుట్టాక ఒక గోడ ముందు పది నిమిషాలు ఊరికే నిలబడ్డం మెలాకాలోనే మొదటిసారి.

"సంపాదన లేదుగా, ఎవరి డబ్బు?" ఇది పైకి అనరు, లోపల అనుకుంటారు. నిజం చెప్పాలంటే మనమే మనల్ని ఎక్కువ అడుగుతాం ఈ ప్రశ్న. నా వాటా ఖర్చు ఫుకెట్‌కి అయినదాంట్లో సగం కూడా కాలేదు. పదహారేళ్ళుగా ఈ ఇల్లు ఎవరి చేతుల మీద నడుస్తోందో లెక్క రాస్తే ఆ ప్రశ్న అడగడానికి నోరు రాదు.

ఆ రాత్రి జోంకర్ వీధి సంతలో రబ్బరు చెప్పులు కొనుక్కుని, మంచు తురుము మీద కొబ్బరిపాలు, బెల్లం పాకం పోసిచ్చే చెండోల్ తిన్నాం. ఆ బెల్లానికి ఊరి పేరే, గుల మెలాకా. "మా తాటిబెల్లం లెక్కనే ఉన్నది" అని నా స్నేహితురాలు ఇంకోటి తెప్పించుకుంది. కిటికీ లేని గదిలో ఒంటిగంట దాకా కబుర్లు చెప్పుకున్నాం.

ఆదివారం రాత్రి ఇంటికొచ్చి ఫ్రిజ్ తెరిస్తే డబ్బాలు డబ్బాల్లాగే ఉన్నాయి, చీటీలతో సహా. తండ్రీ పిల్లలూ రెండు రోజులూ కింద హాకర్ సెంటర్లో పరోటాలు తిని హాయిగా ఉన్నారు. నేను వండింది వాళ్ళ ఆకలి కోసం కాదు, నా తప్పు చేస్తున్న భావం కోసం. ఆ బెండకాయలు తరగకపోయి ఉంటే కార్డు గుర్తుండేదేమో!

సోమవారం అత్తయ్యగారు ఫోన్ చేశారు. ఏమనిపించిందో, బస్సు సంగతి ఆవిడకి ఉన్నదున్నట్టు చెప్పేశాను. "అందుకే అన్నాను" అంటారనుకున్నాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత మెల్లగా అన్నారు. "1991 గోదావరి పుష్కరాలకి మా వీధి ఆడవాళ్ళతో రాజమండ్రి వెళ్ళానమ్మాయ్. రేవులో జనంలో తప్పిపోయాను. రాత్రంతా స్టేషన్లో కూర్చుని పొద్దున్నే రైలెక్కి ఇంటికొచ్చేశా. మీ మావయ్యగారు ఒక్క మాట అన్లేదు. కానీ ఆ తర్వాత ఎక్కడికి బయల్దేరతానన్నా, మళ్ళీ తప్పిపోతావేమో అనేవారు. నవ్వుతూనే అనేవారు. ఇంక నేనే అడగడం మానేశాను."

ఎవరూ తిట్టలేదు, తలుపులు వేయలేదు. ఒక్క నవ్వుతో ముప్పై ఏళ్ళు గడిచిపోయాయి. తనంతట తాను పొద్దున్నే రైలెక్కి ఇంటికొచ్చిందన్న సంగతి ఎవరికీ గుర్తులేదు, తప్పిపోయిందన్నదే గుర్తుంది.

అమ్మలూ, అక్కలూ, మీ చేతుల్లో ఉన్న పని ఒకటుంది. ఎవరైనా ఆడపిల్ల ప్రయాణంలో జరిగిన పొరపాటు చెప్తే "అయ్యో" అనకండి. "తర్వాత ఏం చేశావ్?" అని అడగండి. అసలు కథ అక్కడే ఉంటుంది. మీకు జరిగితే దాచకండి. భోజనాల దగ్గర, పెళ్ళిళ్ళలో, అందరిముందూ నవ్వుతూ చెప్పండి, మగవాళ్ళు చెప్పుకున్నట్టే. మనం దాచినన్నాళ్ళూ అది తప్పుగానే మిగులుతుంది.

మావారికి ఇంకా చెప్పలేదు. ఇది చదివి తెలుసుకుంటారు. చదివాక అడగాల్సింది ఏమిటో కూడా పైనే రాశాను. అత్తయ్యగారు వచ్చే చలికాలం మా దగ్గరికి వస్తున్నారు. ఆవిణ్ణి మెలాకా తీసుకెళ్తాను, మేమిద్దరమే. కార్డులు మూడు రోజుల ముందే నింపుతాను. బెండకాయలు మాత్రం తరగను.