బట్టీకి లొంగని భాష

విద్యార్థులారా! కంప్యూటరు భాషను బట్టీ పట్టవచ్చునని మీలో కొందరి నమ్మకం. నేనొప్పుకోను.

స్విట్జర్లాండులోని లొసాన్ సాంకేతిక విశ్వవిద్యాలయంలో మార్టిన్ ఒడెర్‌స్కీ 2001లో ‘స్కాలా’ భాషకు రూపకల్పన ఆరంభించారు. వరుసగా ఆజ్ఞలిచ్చే పద్ధతి, అంతా ప్రమేయాలుగా రాసే పద్ధతి రెండూ అందులో ఇముడుతాయి. 2012లో ఇంటర్నెట్‌లో అందరికీ తెరిచిన ఆయన పాఠాల్లో మొదటి వారం అభ్యాసమే పాస్కల్ త్రిభుజం!

అంచున 1, లోపలి ప్రతి సంఖ్యా పైనున్న రెండింటి మొత్తం. ప్రోగ్రామంతా ఇంతే. ప్రమేయం తనను తానే పిలుచుకుంటూ పైకి పోతుంది. అంచు నియమం మరచితే ఆ పిలుపులు ఆగవు, యంత్రం చేతులెత్తేస్తుంది. (మా బెత్తాలకన్న అది మంచి గురువు.) పక్కవాడి రికార్డు చూసి రాసేవాడికి ఈ అనుభవం ఎక్కడిది?

కంప్యూటరు లేదా? నోటుపుస్తకం తీయండి. అయిదో వరుస నడిమి 6 కోసం, తొలి పిలుపుతో కలిపి ఎన్ని పిలుపులు కావాలి? నాకు 11 వచ్చాయి.