మెల్లగా నాన్నా...

మొన్న ఆఫీసులో లంచ్ టేబుల్ దగ్గర 'హైదరాబాద్‌లో నా మొదటి రోజు' అనే టాపిక్ వచ్చింది. కొత్తగా చేరిన కుర్రాడు మెట్రోలో తప్పు వైపు ఎక్కి నాగోల్ దాకా పోయిన కథ చెప్పాడు. అందరూ నవ్వారు. నా వంతు వచ్చేసరికి హాస్టల్ సాంబారు, బాత్రూమ్ క్యూ అంటూ ఎప్పుడూ చెప్పే నాలుగు జోకులు చెప్పి తప్పించుకున్నా. అసలు సంగతి అక్కడ చెప్పలేదు. మీకు చెప్తా.

2018 జులై. బీటెక్ అయిపోయింది, క్యాంపస్ సెలెక్షన్స్‌లో నా పేరు రాలేదు. మా పల్నాడులో అప్పుడైనా ఇప్పుడైనా ఉద్యోగం రాని ఇంజనీరుకి తర్వాతి క్లాసు అమీర్‌పేటే. జావా నేర్చుకుంటానంటే నాన్న సరే అన్నాడు. "నేనూ వస్తారా, నిన్ను దింపి వస్తా" అన్నాడు. వద్దంటే వినలేదు. నిజానికి ఆయనా హైదరాబాద్ చూడలేదు. మిరపకాయలు వేసుకుని యార్డుకి పోయి రావడమే ఆయన పట్నం ప్రయాణం. నాన్నకి పట్నం అంటే గుంటూరు, అంతే.

కారంపూడి నుంచి మాచర్ల, అక్కణ్ణుంచి హైదరాబాద్ బస్సు. పాతిక కిలోల బియ్యం మూట, గోంగూర పచ్చడి, కందిపొడి, ఒక పరుపు. హాస్టల్లో భోజనం పెడతారని చెప్పినా అమ్మ బియ్యం కట్టింది. సాగర్ దగ్గర కృష్ణ దాటేటప్పుడు నాన్న కిటికీలోంచి చెయ్యి బయటికి పెట్టి దణ్ణం పెట్టాడు. మా పొలాలకి నీళ్లొచ్చే కుడి కాలువ మొదలయ్యేది అక్కడే కదా. మల్లేపల్లి, మాల్, ఇబ్రహీంపట్నం... ఐదారు గంటల్లో ఎంజీబీఎస్‌లో దిగాం. మూసీ నది మధ్యలో కట్టిన బస్టాండ్. ఆ జనాన్ని చూసి నాన్న అన్న మొదటి మాట, "ఏందిరా ఇది, రోజూ తిరణాలేనా?"

అమీర్‌పేట గురించి పెద్దగా చెప్పక్కర్లేదు, మీలో సగం మంది ఆ గల్లీల్లో తిరిగినవాళ్లే. మైత్రీవనం ముందు కరపత్రాలు పంచేవాళ్లు ఒకేసారి ముగ్గురు మీద పడ్డారు. నాన్న ముగ్గురి దగ్గరా తీసుకుని, మడిచి, జేబులో పెట్టుకున్నాడు. ఇచ్చినవి పారేస్తే బాగోదట. హాస్టల్ రూమ్‌లో నాకు ముందే నలుగురున్నారు. ఒకడిది ఖమ్మం, ఒకడిది కడప, ఇద్దరిది శ్రీకాకుళం. రాత్రికి నేల మీద న్యూస్‌పేపర్లు పరిచి, మా అమ్మ పచ్చడి మధ్యలో పెట్టుకుని అందరం కూర్చున్నాం. నాన్న చూసి, "చాపకూడురా ఇది" అన్నాడు. రూమ్మేట్లకి అర్థం కాలేదు. నేను వివరంగా చెప్పలేదు. కొంచెం సిగ్గేసింది కూడా.

చాపకూడు అంటే తెలియని వాళ్ల కోసం నాలుగు ముక్కలు. 12వ శతాబ్దంలో పల్నాటి యుద్ధం మా ఊళ్లోనే జరిగింది. అన్ని కులాల వాళ్లనీ ఒకే చాప మీద కూర్చోబెట్టి అన్నం పెట్టినవాడు బ్రహ్మనాయుడు. మాల కన్నమదాసుని కొడుకుగా చేసుకుని, సైన్యానికి ముందు నిలబెట్టినవాడు. ఇప్పటికీ కార్తీక అమావాస్య నుంచి ఐదు రోజులు నాగులేరు ఒడ్డున వీరుల గుడి దగ్గర ఉత్సవాలు జరుగుతాయి. మూడో రోజు మందపోరు, ఆ రోజే చాపకూడు. చిన్నప్పటి నుంచి నాన్న భుజాల మీద ఎక్కి చూసినవే ఇవన్నీ. (ఇదే నగరంలో తర్వాత రూమ్ కోసం తిరుగుతుంటే ఓనర్లు వేసిన మొదటి ప్రశ్న ఏంటో చెప్పక్కర్లేదు. మీరూ తిరిగే ఉంటారు.)

మర్నాడు ఆదివారం. రాత్రి బస్సుకి నాన్న వెళ్లిపోవాలి. ఆబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు అమ్ముతారని రూమ్మేట్ చెబితే పోయాం. సగం ధరకి జావా పుస్తకం దొరికింది. నాన్న బేరమాడి ఇంకో 20 రూపాయలు తగ్గించాడు. అక్కణ్ణుంచి సికింద్రాబాద్ బస్సు ఎక్కి, అక్కడ మెట్రో పట్టుకుని అమీర్‌పేట రావాలని నా ప్లాను. నాన్నకి మెట్రో చూపించాలి కదా.

బస్సు ట్యాంక్ బండ్ ఎక్కింది. ఎడమ పక్క సీట్లో ఇద్దరం. హుస్సేన్ సాగర్ మధ్యలో బుద్ధుడు కనపడగానే నాన్నకి హుషారొచ్చింది. "1990లో తెప్ప మీద తీసకపోతంటే నీళ్లల్లో పడిపోయిండు, తెలుసా? మనుషులు పోయారు పాపం. రెండేళ్లు అడుగునే ఉన్నాడు, మళ్లీ తీసి నిలబెట్టారు. మన నాగార్జునకొండకి పడవలో పోలా మనం? ఆ బుద్ధుడే, ఈ బుద్ధుడే..." ఆయన గొంతు పొలం గొంతు. ఈ గట్టు నుంచి ఆ గట్టుకి వినపడాలి మరి. ముందు సీటమ్మాయి ఇయర్‌ఫోన్ తీసి వెనక్కి చూసింది.

ట్యాంక్ బండ్ మీద వరసగా విగ్రహాలుంటాయి. ఎన్టీఆర్ ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు పెట్టించిన 33 మంది తెలుగు ప్రముఖులవి. నేను ఫోన్ చూసుకుంటున్నా. నాన్న ఒక్కో పేరూ చదువుతున్నాడు, బయటికే. ఒకచోట ఉన్నట్టుండి లేచి నిలబడ్డాడు.

"రేయ్! బ్రహ్మనాయుడురా! మన బ్రహ్మనాయుడు! ఈడ పెట్టారు సూడు!"

బస్సు మొత్తం చూసింది. కండక్టర్ నవ్వాడు. వెనక ఎవరో ఏదో అన్నారు, ఇంకెవరో నవ్వారు.

"మెల్లగా నాన్నా, అందరూ చూస్తన్నారు. కూర్చో" అన్నా.

కూర్చున్నాడు. కాసేపాగి, "దిగి చూసి పోదామా?" అన్నాడు, చాలా మెల్లగా. లేటవుతుందన్నా. అబద్ధం. ఆయన బస్సు రాత్రి పదింటికి. అప్పటికి మధ్యాహ్నం మూడు కూడా కాలేదు.

ఆ తర్వాత ఆయన మాట్లాడలేదు. అలిగి కాదు, నాన్నకి అలగడం రాదు. నా పక్కన ఎలా ఉండాలో తెలియక. మెట్రో స్టేషన్‌లో ఎస్కలేటర్ దగ్గర ఆగిపోయి, నన్ను అడగకుండా పక్కనున్న మెట్లెక్కి పైకొచ్చాడు. రైల్లో నిలబడే ఉన్నాడు, సీటు ఖాళీగా ఉన్నా. అంత పైనుంచి ఊరంతా కనపడుతోంది. "ఎట్టా ఉంది నాన్నా?" అంటే, "బాగుంది" అన్నాడు, పెదాలు కదిలీ కదలనట్టు. పొద్దున్నుంచీ ప్రతి బోర్డూ గట్టిగా చదివిన మనిషి.

ఇందులో పెద్ద గొడవేం లేదని నాకూ తెలుసు. ఎవరూ ఎవర్నీ తిట్టలేదు. నగరానికొచ్చి ఇరవై నాలుగు గంటలు దాటిందో లేదో, ఇక్కడ గట్టిగా మాట్లాడకూడదనే రూల్ నేనెక్కడ నేర్చుకున్నానో ఇప్పటికీ అర్థం కాదు. నాకు ఎవరూ చెప్పలేదు. హైదరాబాదీలే మాకంటే గట్టిగా మాట్లాడతారు, కోఠీలో నిలబడి చూడండి. ఆ బస్సులో నవ్విన వాళ్లలో సగం మంది మనలా ఏదో ఊరి నుంచి వచ్చినవాళ్లే అయ్యుంటారు.

తర్వాత ఏడేళ్లలో ఆ దారిన బైకు మీద ఎన్నిసార్లు పోయానో లెక్కలేదు. ఆగలేదు. పోయిన నెల ఒక ఆదివారం సాయంత్రం ఆగా. ట్యాంక్ బండ్ మీద నడవడానికి బాగుంటుంది. వెతుక్కుంటూ పోయి విగ్రహం ముందు నిలబడి నాన్నకి వీడియో కాల్ చేశా. ఆయన గుడి దగ్గర అరుగు మీద ఉన్నాడు, చుట్టూ నలుగురు.

"నాన్నా, ఎవరో చూడు!" అన్నా. చుట్టూ పిల్లల గోల, బూరలు, పాప్‌కార్న్ బండ్లు. వినపళ్లేదన్నాడు. ఇంకా గట్టిగా అరిచా, "బ్రహ్మనాయుడు నాన్నా! మన బ్రహ్మనాయుడు!"

పక్కన సెల్ఫీ తీసుకుంటున్న జంట నా వైపు తిరిగింది.

నాన్న కళ్లజోడు పెట్టుకుని ఫోన్ దగ్గరకి లాక్కున్నాడు. కాసేపు ఏమీ అనలేదు. తర్వాత ఫోన్ పక్కవాళ్ల వైపు తిప్పి, "ఆ రోజు బస్సులోంచి చూశానని చెప్పలా నేను? ఈయనే" అన్నాడు. అంటే ఊళ్లో చెప్పాడన్నమాట. ఎంతవరకు చెప్పాడో నేను అడగలేదు.

"దిమ్మె మీద ఏం రాశారో సదువు" అన్నాడు. చదివా. "సరిగా వినపళ్లా, మళ్లీ సదువు" అన్నాడు. మళ్లీ చదివా.