పుట్టింటి మాట మోటా?

మా వైపు ఇళ్ళల్లో ఈమధ్య ఒక జబ్బు ముదురుతోంది. కోరుట్లలో పెరటిగోడ మీద ముంగిస కనబడితే అవ్వ సంబరపడి, "అగో, ముంగిస! ఇయ్యాల మంచిగైతది" అంటుంది. తల్లి వెంటనే, "మంగూస్ అనాలి బిడ్డా" అని పిల్లను దిద్దుతుంది. సిరిసిల్లలో బొమ్మల పుస్తకం చూసి పిల్లవాడు "గుడ్డెలుగు" అంటే, "ఛీ, మోటుమాట! బేర్ అను" అని కసురు. బడిలో పంతులమ్మ నవ్వుతుందని భయం!

అమ్మలారా, అడుగుతాను, ఏది మోటు?

ఇంగ్లీషు 'మంగూస్' ఎవరి సొత్తు? మరాఠీ 'మంగూస్' నుంచి వెళ్ళిందనీ, దాని వేరు ద్రావిడ భాషల్లో ఉందనీ, మన ముంగిసకు చుట్టమనీ నిఘంటువులే చెబుతున్నాయి. 17వ శతాబ్దంలోనే దొరల రాతల్లోకి ఎక్కింది. చివర 'గూస్' చూసి బాతనుకునేరు! వాళ్ళ చెవికి అలా వినబడింది, అంతే. పోర్చుగీసువారికి అది 'మంగుస్తు'. వాళ్ళు మనకు అల్మారా, బాల్చీ, మేస్త్రీ ఇచ్చారు, మన దేశం నుంచి ముంగిసను పట్టుకుపోయారు. చెల్లుకు చెల్లు!

'బ్యాండికూట్' సంగతి మరీ వింత. అది అచ్చంగా మన పందికొక్కే. జగిత్యాల వరిపొలాల్లో గట్లకు బొరియలు పెట్టి రైతును ఏడిపించే పందికొక్కు! ఆస్ట్రేలియాలో పొట్టకు సంచి ఉన్న వేరే జంతువు కనబడితే, దానికీ దొరలు ఈ పేరే తగిలించారు. ఆ పేరు పలకడానికి వాళ్ళకు లేని సిగ్గు మనకెందుకు?

అత్తింటి నుంచి నగలు పెట్టుకొచ్చిన కూతురికి హారతి, ఇంట్లో చాకిరీ చేసే కూతురికి చీవాట్లా?

ఇంగ్లీషు వద్దని నేననను. నేర్పండి, బతుకుతెరువుకు కావాలి. కానీ పిల్లల ఎదుట అవ్వ మాటను దిద్దినప్పుడు వాళ్ళు నేర్చుకునేది ఇంగ్లీషు కాదు, అవ్వ తక్కువదని. నాలుగుసార్లు నవ్వుల పాలయ్యాక ఆవిడ కథలు చెప్పడం మానేస్తుంది. ఆ నష్టం ఏ ట్యూషనుతో పూడుతుంది?

పంచతంత్రంలో, పాము నుంచి బిడ్డను కాపాడిన ముంగిసను తొందరపడి చంపుకున్న తల్లి కథ మనకందరికీ తెలిసిందే. మనం దాని పేరును కూడా చంపుకోవద్దు తల్లీ!