మందుచీటీకి పూచీ యెవరిది?

హైదరాబాదు నుండి బిజాపూరునకు పోవు పెద్దబాటమీద మొయినాబాదు దాటి చేవెళ్లవఱకు మఱ్ఱిచెట్ల నీడను ప్రయాణము చేయువారికి త్రోవ పొడవునను కళాశాలల బోర్డులు కానవచ్చును. అజీజునగరము, చిలుకూరు, యెన్కేపల్లి ప్రాంతములందు ఇంజనీరింగు కళాశాలలు పెక్కు వెలసినవి. యెన్కేపల్లి వద్ద ఇంజనీరింగు, ఫార్మసీ, వైద్య కళాశాలలు మూడును ఇరుగుపొరుగుగనే యున్నవి. చేవెళ్లలో మఱియొక వైద్యకళాశాల కలదు. ఉదయమున ఒకే త్రోవను వచ్చిన పిల్లలు మూడు గేట్లలోనికి విడిపోవుదురు. ఒకడు కంప్యూటరు ప్రోగ్రాములు వ్రాయ నేర్చుకొనును. ఒకడు మందుల గుణదోషములను, మోతాదులను నేర్చుకొనును. ఒకడు రోగిని పరీక్షించి చీటీ వ్రాయ నేర్చుకొనును. నాలుగైదేండ్లు ప్రక్కప్రక్కనే చదివినను ఒకని పాఠము రెండవవానికి తెలియదు. చదువు ముగిసిన పిమ్మట వీరి మువ్వురి పనియు నేడు ఒకేచోట కలియుచున్నది. ఆ చోటు ఆన్‌లైను మందుల అంగడి.

ఈ అంగడిని గుఱించి జరుగుచున్న చర్చయంతయు ధరలను, రాయితీలను, చిల్లర వర్తకుల నష్టమును గుఱించియే. అవి విచారింపదగినవే. కాని మేము నేడు ప్రస్తావింపదలచినది వేఱు. తెఱవెనుక కూర్చుండి ప్రోగ్రాము వ్రాయు ఇంజనీరును గుఱించి ఎవరును మాటలాడుట లేదు. అతడు చేయుచున్న పనియేదో, చట్టమున అతని స్థానమేదో తెలిసికొనవలసిన కాలము వచ్చినది.

చేవెళ్ల దగ్గఱి పల్లెలో మధుమేహమును రక్తపుపోటును గల వృద్ధురాలొకతె యున్నదనుకొందము. కుమారుడు గచ్చిబౌలిలో ఉద్యోగి. అతడు తల్లి మందుచీటీని సెల్‌ఫోనుతో ఫోటో తీసి పంపును. మఱునాటికో మూడవనాటికో మందులు పల్లెకు చేరును. నడుమ జరిగినదేమి? వైద్యుడు గిలికిన వ్రాతను యంత్రము చదువ యత్నించును. చదివిన యక్షరములను వేలకొలది మందుల పేర్ల పట్టికతో పోల్చి, ఇదియై యుండునని యూహించును. ఆ మందు ఏ గిడ్డంగిలో నున్నదో, దాని గడువు ఎప్పుడు తీఱునో చూచును. లేనిచో బదులుగా మఱొక కంపెనీ మందును సూచించును. ఫార్మసిస్టు తెఱమీదికి చీటీని పంపును. అతడు సరియని మీట నొక్కిన పిదప పిన్‌కోడును బట్టి సరకును బండికి అప్పగించును. ఇన్సులిను వంటిదైనచో 2 మొదలు 8 డిగ్రీల చలువలో పోవలెను. మే నెల యెండలో మొయినాబాదు బాటమీద మోటారుసైకిలు సంచిలో ఆ చలువ నిలిచినదో లేదో కూడ ఎవరో యొకరు కనిపెట్టవలెను.

ఈ మెట్లలో ప్రతిదానియందును ఒక నిర్ణయము కలదు. ఆ నిర్ణయమును ముందుగనే చేసి పెట్టినవాడు ఇంజనీరు. రెండు మందుల పేర్లు దగ్గఱగా నున్నపుడు ఏది పైన చూపవలెను? ఫార్మసిస్టునకు ఒక్కొక్క చీటీకి ఎంతకాల మీయవలెను? ఫోటో మసకగా నున్నచో త్రిప్పి పంపవలెనా, ఊహించి ముందుకు నడుపవలెనా? ఇవి పైకి యంత్రపు పనులుగ కనబడును గాని నిజమునకు వైద్యమునకు సంబంధించిన ప్రశ్నలు. పాతికేండ్ల యువకుడొకడు, పని గడువు తఱుముచుండగా, రాత్రి పదిగంటలవేళ వీనికి జవాబులు వ్రాయుచున్నాడు. అతడు దుర్మార్గుడని మే మనము. పాపము, ఇది యొక ప్రశ్న యనియే అతనికి ఎవరును చెప్పియుండరు. వీసా కొఱకు చిలుకూరు బాలాజీకి పదునొకండు ప్రదక్షిణములు చేసి అమెరికా పోయినవానికిని, ఇచ్చటనే హైటెక్కు సిటీలో కుదురుకొన్నవానికిని ఈ విషయమున తేడా లేదు.

ఒక్క యుదాహరణము చెప్పెదము. మెథోట్రెక్సేటు అను మందు కలదు. భీమవరమున జన్మించి, అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలలో పరిశోధన నడిపిన మన యల్లాప్రగడ సుబ్బారావుగారి బృందమే దానిని లోకమున కొసగినది. ఆయన 1948లో కీర్తిశేషులైరి. క్యాన్సరు చికిత్సకై పుట్టిన యీ మందును నేడు కీళ్లవాతమునకు స్వల్పమైన మోతాదులో ఇచ్చుచున్నారు. అదియు వారమునకు ఒక్కమారు మాత్రమే. పొరబాటున దినదినము మ్రింగినచో ఎముకలలోని మజ్జ దెబ్బతిని ప్రాణమునకే ముప్పు వాటిల్లును. ఇట్టి మరణములు పలు దేశములలో జరిగినవి. చీటీలోనో, లేబిలుమీదనో, కంప్యూటరులోనో ‘వారమున కొకమారు’ అనునది ‘దినమున కొకమారు’గ మాఱుటయే వానికి మూలము. అమెరికాలో మందుల పొరబాట్లను పరిశీలించు సంస్థ దీనికొక మార్గము సూచించినది. ఆసుపత్రి కంప్యూటరులో ఈ మందు పేరు కొట్టగనే వారమున కొకమారు అనునదే తనంతట తాను రావలెను. ఎవరైనను దినదినము అని వ్రాసినచో, క్యాన్సరు రోగమేనా యని అడిగి, జవాబు వచ్చువఱకు యంత్రము కదలరాదు. చూచితిరా! ఇది మందుల శాస్త్రమెఱిగినవాడు ఇంజనీరుతో కూర్చుండి వ్రాయించవలసిన నాలుగు పంక్తుల ప్రోగ్రాము. ఆ నాలుగు పంక్తులు ఉన్నచోట రోగి బ్రదుకును. లేనిచోట, ఫార్మసిస్టు వేసరి వేగిరపాటున మీట నొక్కిననాడు, అడ్డుపడువారు లేరు.

దూరమునుండి మందులు తెప్పించుకొనుట మనకు క్రొత్త గాదు. మన తాతల కాలమున పత్రికలలో మందుల ప్రకటనలకు కొదువ లేకుండెను. జాబు వ్రాసినచో వి. పి. పి. ద్వారా లేహ్యములును మాత్రలును ఇంటికి వచ్చుచుండెను. ఆంధ్రపత్రికను నెలకొల్పిన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు అమృతాంజనము వలన వచ్చిన ధనముతో పత్రికను పోషించిరన్నది అందఱు నెఱిగినదే. మంచి మందుతోపాటు ఆనాడు నకిలీ మందును అదే టపాలో వచ్చుచుండెను. 1930లో కర్నలు చోప్రాగారి అధ్యక్షతను ఏర్పడిన విచారణ సంఘము కల్తీలను వెల్లడించిన పిమ్మట 1940 నాటి ఔషధముల చట్టమును, 1945 నాటి నిబంధనలును, 1948 నాటి ఫార్మసీ చట్టమును వచ్చినవి. నేటికిని ఇవియే ఆధారము. వైద్యుని చీటీమీద ఇచ్చు మందును రిజిస్టరైన ఫార్మసిస్టు స్వయముగనో, తన కన్నుల యెదుటనో ఈయవలెనన్నది వాని సారాంశము. 2013లో చేర్చిన ‘హెచ్‌ 1’ పట్టికలోని మందుల నమ్మినపుడు వైద్యుని పేరు, రోగి పేరు, మందు పేరు, పరిమాణము వేఱొక పుస్తకమున వ్రాసి మూడేండ్లు భద్రపఱచవలెను. శాసనకర్తల మనసులో నున్నది ఒక బల్ల, బల్లవెనుక ఒక మనుష్యుడు. ఆ మనుష్యుని పేరు గోడకు వ్రేలాడు సర్టిఫికేటులో ఉండును. పొరబాటు జరిగినచో ఎవరిని నిలదీయవలెనో ఊరివారికి తెలియును. ప్రోగ్రాము వ్రాసినవాని పేరు ఏ గోడమీదను లేదు.

దీని బరువు మన రైతులకు వేఱుగ చెప్ప నక్కఱలేదు. 2020 అక్టోబరులో ధరణి వచ్చినపుడు తరతరముల పట్టాభూమి నిషిద్ధ జాబితాలో కనబడినవారును, విస్తీర్ణములో గుంటలు తగ్గినవారును, పేర్లు తప్పుగ పడినవారును ఎందఱో గలరు. తహశీలుదారు నడిగినచో తన చేతిలో లేదనియు, పోర్టలులో ఆ వీలు లేదనియు జవాబు. కాగితములను గుడ్డలో మూటగట్టుకొని రైతు కచ్చేరీల చుట్టు తిరిగెను. మొయినాబాదు పరిసరములలో భూమి ధర యెట్టిదో యెఱిగినవారికి ఆ గుంటల విలువయు తెలియును. తప్పు వ్రాసిన చేయి యెవరిదో మాత్రము తెలియలేదు. 2025 ఏప్రిలులో భూభారతి వచ్చి అప్పీలు చేసికొను మార్గమును మరల తెఱచినది. భూమి విషయమున ఆలస్యముగనైనను అప్పీలు దొరకినది. మ్రింగిన మాత్రకు అప్పీలు లేదు.

ఢిల్లీవారేమి చేయుచున్నారు? 2018 ఆగస్టు 28వ తేదీన ఆన్‌లైను మందుల విక్రయమునకు ముసాయిదా నిబంధనలను ప్రకటించిరి. కేంద్రాధికారివద్ద రిజిస్టరు చేసికొనవలెననియు, రోగుల వివరములు దేశము దాటరాదనియు, మత్తు కలిగించు మందులు అమ్మరాదనియు, ప్రకటనలు చేయరాదనియు వానిలో నున్నది. మంచి షరతులే. సెప్టెంబరు 28న దేశమంతట మందుల వర్తకులు దుకాణములు మూసి నిరసన తెలిపిరి. డిసెంబరులో ఢిల్లీ హైకోర్టు లైసెన్సు లేని ఆన్‌లైను విక్రయమును ఆపుమనెను. అదే నెలలో మద్రాసు హైకోర్టు న్యాయమూర్తి నిషేధింపగా, జనవరిలో అచ్చటి ధర్మాసనము ఆ నిషేధమును నిలిపివేసెను. ముసాయిదా ముసాయిదాగనే యుండిపోయెను. 2020 మార్చి 26న, కరోనా మూలమున, లైసెన్సు గల దుకాణములు ఇంటికి మందులు చేర్చవచ్చునని ఉత్తరు విచ్చిరి. అదియు దుకాణమున్న రెవెన్యూ జిల్లాలోని రోగులకే, హెచ్‌ 1 మందులు విడిచి. పిన్‌కోడును మాత్రమే యెఱిగిన ప్రోగ్రామునకు రెవెన్యూ జిల్లా యెల్ల తెలియునా యని అడిగినవారు లేరు. 2023 ఫిబ్రవరిలో కేంద్ర ఔషధ నియంత్రణాధికారి ఇరువది వఱకు కంపెనీలకు సంజాయిషీ నోటీసులు పంపెను. ఈలోగా 2020లో రిలయన్సు వారు నెట్‌మెడ్సును, 2021లో టాటాలు వన్‌ఎమ్‌జీని చేజిక్కించుకొనిరి. 2006లో హైదరాబాదున పుట్టిన మెడ్‌ప్లస్సు, అపోలో వారు తమ దుకాణములకు తోడు ఆన్‌లైను అంగళ్లను తెఱచిరి. వేలకోట్ల వ్యాపారము నిబంధనలు లేకయే నడచుచున్నది.

మందుల వర్తకుల వాదమును మేము పూర్తిగ అంగీకరింపజాలము. సర్టిఫికేటు గోడమీదను ఫార్మసిస్టు పట్టణమునను ఉండు దుకాణములను ఎఱుగనివారెవరు? పల్లెలో ఆర్‌.ఎం.పి.యే వైద్యుడు, అతని నోటిమాటయే చీటీ. ఆన్‌లైను అంగడి కనీసము చీటీ యడుగును. అడిగిన జాడ నిలుచును. ఇది చిన్న మేలు గాదు. కాని చీటీ లేదన్నచో కొన్ని అంగళ్లు తమ వైద్యునిచే ఫోను చేయించి, కొలది నిమిషములలో చీటీ పుట్టించుచున్నవి. దూరవైద్యమునకు 2020 మార్చి 25న వెలువడిన నియమములు హద్దులు గీచినవి. అమ్మువాడే వైద్యునకు జీతమిచ్చునపుడు ఆ హద్దు ఎంతకాలము నిలుచును? మందు నాలుగు మాత్రలే గదా యనువారు మన తెలంగాణమున కల్లులో అల్ప్రాజోలము కలుపు దురాచారమును తలచుకొందురుగాక. ఆ మందును హెచ్‌ 1 పట్టికలోనిదే.

చేవెళ్ల దాటి మన్నెగూడ మీదుగా పోయినచో వికారాబాదు వచ్చును. 2021 సెప్టెంబరు 11న అచ్చటనే ‘ఆకాశమునుండి ఔషధములు’ అను ప్రయోగము ఆరంభమైనది. డ్రోనులు ప్రాంతీయ ఆసుపత్రినుండి ప్రాథమిక ఆరోగ్యకేంద్రములకు మందులను, టీకాలను మోసికొనిపోయెను. అందఱును ఎగురు యంత్రమును చూచి అబ్బురపడిరి. మాకు నచ్చినది మఱొకటి. పంపినచోటను అందుకొన్నచోటను బాధ్యతగల ఆరోగ్యశాఖ ఉద్యోగి యుండెను. నడుమనే యంత్రము. ఆన్‌లైను అంగడిలో యంత్రము నడుమ గాక మొదటను తుదను గూడ తానే యగుచున్నది. అందుకొను వృద్ధురాలికి పొట్లముమీది లేబిలు చదువ రాదు. అది ఇంగ్లీషులో నుండును. ధర, రాయితీ, మరల ఎప్పుడు కొనవలెననునది కుమారుని ఫోనునకు తప్పక వచ్చును. అమ్మకమును జ్ఞాపకము చేయ నేర్చిన ప్రోగ్రామునకు, మోతాదును తెలుగులో అచ్చువేయుట కష్టమని మేము నమ్మము.

ఢిల్లీ నిబంధనలకై కాచుకొని కూర్చుండ నక్కఱలేదు. చిల్లర మందుల దుకాణములకు లైసెన్సు నిచ్చునది రాష్ట్ర ప్రభుత్వమే. ఆన్‌లైను ఆర్డరుకు మందు కట్టు దుకాణమునకును ఆ లైసెన్సే గతి. తనిఖీకి పోయిన ఔషధ నియంత్రణశాఖ ఇనస్పెక్టరు పుస్తకమును, బీరువాను చూచి తిరిగి వచ్చుచున్నాడు. కంప్యూటరును గూడ చూడవలెను. నిన్న ఈ దుకాణమున నూఱు చీటీలను ఏ ఫార్మసిస్టు పరీక్షించెను? ఒక్కొక్క దానికి ఎన్ని సెకనులు పట్టెను? ఎన్నిటిని త్రిప్పి పంపెను? ఒక్కటియు త్రిప్పి పంపనిచో ఏల? మందులను గుర్తించు నియమమును ప్రోగ్రాములో కడపట మార్చినదెన్నడు, ఏ ఫార్మసిస్టు సంతకముమీద మార్చిరి? ఈ లెక్కలన్నియు యంత్రములో నున్నవి; అడుగువాడే కావలెను. ఈ ప్రశ్నలు అడుగుదురని తెలిసిననాడు కంపెనీవారు ఇంజనీరు ప్రక్కన ఫార్మసిస్టునకు కుర్చీ వేయుదురు. యెన్కేపల్లిలో ఆ రెండు కళాశాలల నడుమ దూరము నడచి పోదగినంతయే. వచ్చు విద్యాసంవత్సరమున నెలకొక తరగతి యైనను కలిపి నడుపుటకు అధ్యాపకులు ప్రభుత్వ ఉత్తరువు కొఱకు ఎదురుచూడ బనిలేదు.