నీళ్ళు తేటగానే ఉన్నాయి, మరి చేప మాటేమిటి?

మృగశిర కార్తె నాడు నిజామాబాద్ చేపల మార్కెట్లో కాలు పెట్టే సందు ఉండదు. ఆ రోజు చేప తింటే ఏడాదంతా రోగం దగ్గరికి రాదని మన పెద్దల నమ్మకం. మా అమ్మ పంపితే నేనూ సంచీ పట్టుకొని వెళ్ళాను. బుట్ట ముందు కూర్చున్న అవ్వను, "ఈ కొర్రమేను యాడిది అవ్వా? నీళ్ళు మంచియేనా?" అని అడిగాను. అవ్వ నన్ను ఎగాదిగా చూసింది. "నీళ్ళు అద్దం లెక్క తేటగున్నయ్ బిడ్డా! బోధన్ల శక్కర్ ఫ్యాక్టరీ ఎప్పుడో బందాయె. ఇగ చేపకేం రోగం?" అన్నది.

జంతుశాస్త్రం చదువుతున్న నాకు అప్పటికప్పుడు జవాబు తోచలేదు. ఆ బాకీ ఇక్కడ తీర్చుకుంటాను.

అవ్వ మాటలో సగం నిజం ఉంది. చక్కెర ఫ్యాక్టరీల మురుగులో ఉండేది ఎక్కువగా తీపి, పిప్పి, మొలాసిస్ మడ్డి. అది చెరువులో పడితే సూక్ష్మజీవులు దాన్ని తింటూ నీటిలోని ప్రాణవాయువును వాడేస్తాయి. చేప ఊపిరాడక తేలుతుంది. ఊరంతా చూస్తుంది, ముక్కు మూసుకుంటుంది, కొట్లాడుతుంది. ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదని పేరుపొందిన బోధన్ ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో మూతపడింది. వేల కుటుంబాల కూడు పోయింది. నీళ్ళైనా బాగుపడ్డాయని మనసుకు సర్దిచెప్పుకున్నాం.

కానీ చేపను చంపని విషం మరొకటి ఉంది. దానికి వాసన లేదు, రంగు లేదు. డి.డి.టి. వంటి పురుగుమందులు నీటిలో కరగవు, కొవ్వులో కరుగుతాయి. చేప మొప్పల గుండా రోజంతా నీరు పారుతూనే ఉంటుంది. ఆ నీటి నుంచి కొంత, తిన్న తిండి నుంచి కొంత విషం చేప కొవ్వులో చేరుతుంది. తిన్న తిండి శక్తిగా ఖర్చయిపోతుంది, విషం మాత్రం మిగిలిపోతుంది. నాచును తిన్న పురుగులో కొంచెం, పురుగులను తిన్న పరకలో ఇంకొంచెం, వందల పరకలను మింగిన కొర్రమేనులో, వాలుగలో మరెంతో! దీన్నే మనం పరీక్షలో 'బయో మాగ్నిఫికేషన్' అని బొమ్మ వేసి, మార్కులు తెచ్చుకొని, మరచిపోతున్నాం.

అమెరికాలోని క్లియర్ లేక్ అనే సరస్సులో 1949లో దోమల వంటి పురుగులను చంపడానికి డి.డి.డి. కలిపారు. ఏడు కోట్ల పాళ్ళ నీటికి ఒక్క పాలు! మళ్ళీ 1954లో ఇంకాస్త ఎక్కువ కలిపారు. తర్వాత పరీక్షిస్తే నీటిలో తేలే సూక్ష్మజీవుల్లో పది లక్షలకు 5 పాళ్ళు, వేటాడి తినే చేపల్లో 2,500 వరకు తేలింది. ఆ చేపలను తిన్న నీటిపక్షులు వందలుగా చచ్చాయి. నీళ్ళను చూస్తే మాత్రం అక్కడా విషం సంగతి తెలిసేది కాదు.

మన సంగతి చూద్దాం. 1931లో పూర్తయిన నిజాంసాగర్‌లోకి వచ్చేది మంజీర నీరు. ఎగువన పటాన్‌చెరు పరిశ్రమల మురుగు మోసిన నక్కవాగు కలిసేది ఆ మంజీరలోనే. ఆ కాలుష్యం మీద 1990లోనే సుప్రీంకోర్టుకు వెళ్ళారు. ఇక మన వరి, చెరుకు, పసుపు పొలాల్లో కొట్టే మందులు వానకు కొట్టుకొచ్చి చేరేది చెరువుల్లోకే. వ్యవసాయంలో డి.డి.టి.ని 1989లో నిషేధించారు. ఎండోసల్ఫాన్‌ను 2011లో సుప్రీంకోర్టు ఆపింది. కాగితం మీద ఆగినంత తొందరగా చెరువు అడుగు బురదలో ఆగదు.

ఇదంతా చదివి ఎవరూ చేపలు మానవద్దు. పేదవాడికి అందే మంచి మాంసకృత్తులవి, గంగపుత్రుల బతుకుదెరువు అది. కొలవకుండా పుకారు పుట్టించడం కూడా అన్యాయమే. చర్మం, కొవ్వు, పేగులు తీసి వండితే కొవ్వులో చేరే మందులు కొంత తగ్గుతాయి. పాదరసం మాత్రం కండలోనే ఉంటుంది, దానికి ఆ ఉపాయం పారదు. జపాన్‌లోని మినమాతాలో 1956లో బయటపడ్డ రోగం నేర్పిన పాఠం అదే.

నా మనవి ఒక్కటే. నీటిని మాత్రమే సీసాలో పట్టి పరీక్షిస్తే చాలదు, చేపను పరీక్షించాలి. నీరు ఇవాళ్టి మాట చెబుతుంది, చేప ఏళ్ళ లెక్క చెబుతుంది. మన జంతుశాస్త్ర, రసాయనశాస్త్ర శాఖలు కలిసి ఏటా నిజాంసాగర్, బోధన్ బెల్లాల్ చెరువు, మంజీర గోదావరిలో కలిసే కందకుర్తి, ఈ మూడు చోట్ల బొచ్చె, కొర్రమేను, అడుగు మట్టి సేకరించాలి. మన ప్రయోగశాలలో కుదరని పరీక్షలకు పెద్ద ప్రయోగశాలలకు పంపాలి. అందుకు విద్యార్థి సంఘం తన నిధిలో కొంత కేటాయించాలి. వచ్చిన ఫలితం మంచిదైనా చెడ్డదైనా తెలుగులో రాసి చేపల మార్కెట్లో అంటించాలి.

లెక్చరర్లు దారి చూపితే బురదలో దిగడానికి మేం సిద్ధం. వచ్చే మృగశిరకైనా ఆ అవ్వ ముందు నిలబడి, "అవ్వా, చూసినం. ఇదీ సంగతి" అని చెప్పగలగాలి. అంతవరకు నా చదువు ఆమెకు బాకీయే.